మూడో రీలు

బోయపల్లి గేటు దాటినంక కుడిచేతి దిక్కు,
ఇప్పుడు టైల్సు దుకానం ఉన్న జాగల
గుల్నార్ టాకీసు ఉండె.
అంతకుముందు అది పల్లీల గోదాం.
మొదటి ఆట పడ్డ ఇరవై ఏండ్లకు గూడ
ఎండకాలం తెర ఎనుక నుంచి
తెలకపిండి వాసన వచ్చేది.

వారమంత ఫైటింగులే.
ఆదివారం పొద్దుగాల పదిన్నర ఆట మాత్రం
సొసైటీ వాళ్లు కిరాయికి తీసుకునేది.
మెంబర్లు పదకొండు మంది.
లింబాద్రి సారు నల్లబోర్డు మీద సుద్దతోని రాసేది:
“ఈ వారం బెంగాల్. వచ్చే వారం హంగేరీ.”
అక్షరాలు గుండ్రంగ, జొన్నరొట్టెల తీరు.

నా పని డబ్బాలు మోసుడు.
కాచిగూడ ప్యాసింజరుల దిగేటియి, ఆరో ఏడో,
సైకిలు క్యారియరు మీద రబ్బరు ట్యూబుతో గట్టి
టేషన్ నుంచి ఎదురుగాలికి తొక్కుకుంట వచ్చేది.
హంగేరీ ఇంత బరువుంటదని
నాకు అప్పటిదాక తెల్వదు.

మెంబర్లు పదకొండు మందే గాని హాలు నిండేది.
అడ్డా మీద పని దొరకనోళ్లు
బారాణ ఇచ్చి రెండు గంటల నీడ కొనుక్కునేది.
తెర మీద ఒక ముసల్ది
ఎంతసేపటికీ బియ్యం ఏరుతనే ఉంటె
ముందు బెంచీల కోస్గి మల్లవ్వ లేసి
“గా అంచుకు రాయున్నది సూడు తల్లీ” అని ఒర్లింది.
ఎవ్వరూ నవ్వలే.
అది నిజంగనే రాయి.

బొంబాయిల మట్టిపని చేసొచ్చిన కావలి సాయిలు
ఏ భాష సిన్మాకైన అర్థం చెప్పేది:
“మేస్త్రి పైసలు ఎగ్గొట్టిండు, అందుకే ఏడుస్తుండు.”
ప్రతి ఆదివారం అదే అర్థం.
సగం సార్లు అది సరిగ్గనే ఉండేది.

ఇగ నా సంగతి.
ఒక వానకాలం గేటు కాడ సైకిలు జారి
డబ్బాలు బురదల పడ్డయి.
తుడిచి సర్దేటప్పుడు రెండూ మూడూ తారుమారైనయి.
ఆపరేటర్ ఖుద్రత్ మియాకు కండ్లల్ల పొరలు,
అంకె సూడడు, నేను ఏది అందిస్తె అది ఎక్కిస్తడు.
మూడో రీలుల కాట్లె కాలిన తండ్రి
రెండో రీలుల తలుపు తీసుకొని వచ్చి
కొడుకుకు కొత్త చెప్పులు తొడిగిండు.
హాలంత గమ్మున కూసున్నది.
మల్లవ్వ కొంగు నోట్ల కుక్కుకున్నది.
ఆట అయినంక లింబాద్రి సారు నిలబడి
“దర్శకుడు చావును ఎట్ల ఒప్పుకోలేదో చూడున్రి” అని
అర్ధగంట మాట్లాడిండు.
నేను బయట డబ్బాలు కడుతున్న.

బురద సంగతి నిజం.
శనివారం రాత్రి ట్రయల్ ఆట
క్యాబిన్ల కూసొని నేను చూసిన సంగతి గూడ నిజం.
తుడుస్తుంటె అంకెలు మంచిగనే కనబడ్డయి.
మా నాయిన పోయి అప్పటికి నాలుగు నెలలు.

తర్వాత ఇండ్లకు టీవీలు వచ్చినయి.
మెంబర్లు ఏడుగురైరి, ముగ్గురైరి.
ఆఖరి ఆదివారం లింబాద్రి సారు ఒక్కడే కూసుండె,
ఖుద్రత్ మియా ఆయిన కోసమే
పూర్తి ఆట ఏసిండు, ఇంటర్వెల్ గూడ ఇచ్చిండు.
తలుపుకు తాళం పడ్డది.
పావురాలు బాల్కనీ టికెట్టు లేకుంటనే ఎక్కినయి.

పోయిన ఆషాఢంల జేసీబీ వచ్చింది.
తెర గోడ ఒక్కటే రెండు దెబ్బలకు కదలలే,
మూడో దెబ్బకు మోకాళ్ల మీద కూసున్నట్టు కూసున్నది.
మట్టి ఎత్తిపోసిన ట్రాక్టరు నాదే.
ఎనిమిది ట్రిప్పులు, ఊరవతల కొత్త ప్లాట్ల గుంతలకు.
రెండో ట్రిప్పు మట్టిని చెట్టు కింద ఆపి
మూడోది ముందు పోసి చూసిన.
ఏమీ లేసి రాలే.

నిన్న బాత్రూంకు టైల్సు కొననీకె పోతె
దుకానపోడు ముక్కు ఎగబీల్చి
“ఎన్నిసార్లు ఫినాయిల్ కొట్టినా
ఇదేం వాసన అన్నా” అన్నడు.
నేను నీలం డిజైను ఏరుకుంట ఉండిపోయిన.
చెప్తె ధర తగ్గిస్తడా ఏంది.